కలిసి కూర్చున్నంతనే జట్టగునా?

నిమ్మాడ నుండి టెక్కలి దాటి ఉత్తరముగా సాగినచో పలాస–కాశీబుగ్గ వచ్చును. అక్కడి జీడిపప్పు కర్మాగారములలో స్త్రీలు వరుసలుగా కూర్చుండి పిక్కలు కోయుట, పొర తీయుట, పప్పు ఏరుట చేయుచుందురు. కప్పు ఒకటే, సరుకు ఒకటే. అయినను వారిని జట్టు అనవచ్చునా? ఇది మాటల గారడి కాదు. దీని జవాబును బట్టి కూలి ఎవరికి, నింద ఎవరికి అన్నది తేలును.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యులైన రిచర్డ్ హాక్‌మన్, 2002లో వెలువరించిన గ్రంథమున నిజమైన జట్టునకు కొన్ని గుర్తులు చెప్పిరి. ఒకరి పని మరొకరి పనిపై ఆధారపడవలెను. సభ్యులెవరో స్పష్టముగా నుండవలెను. వారు తరచు మారరాదు. పని తీరును నిర్ణయించుకొను అధికారము కొంతయైనను వారికుండవలెను.

ఈ కొలతతో చూతము. పక్కపక్కనే పిక్కలు కోయు ఇద్దరిలో ఒకామె చేయి నిలిచినను రెండవ ఆమె పని ఆగదు. కిలోల లెక్కన ఎవరి కూలి వారికే ముట్టుచోట వారు ఇరుగుపొరుగు పనివారే గాని జట్టు కారు. అసలు సంబంధము వేరొకచోట నున్నది. పిక్కను ఆవిరిలో ఉడికించువారు, ఆరబెట్టువారు, కోయువారు, పొర తీయువారు, ఏరువారు: వీరిది ఒకే గొలుసు. ఉడుకు సరిగా కుదరకున్న, కోతలో పప్పు విరుగును. గుండుపప్పు వెల వేరు, ముక్కల వెల వేరు. నష్టము కంటబడునది కోయునామె చేతిలో, మాటపడునదియు ఆమెయే. ఆవిరి పెట్టువానితో మాటాడు వీలు ఆమెకు లేకున్న ఆ దోషము దిద్దుబాటు కాదు.

ఇట్టి గొలుసును మన దేశముననే మార్చి చూచిరి. 1953లో లండను టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్ అహమ్మదాబాదు కాలికో మిల్లులో పరిశోధన జరిపెను. మగ్గముల శాలలో పని పలు తెరగులుగా చీలి, ఎవరు ఎవరికి తోడో తెలియకుండెను. అప్పుడు కొన్నేసి మగ్గములను ఒక్కొక్క చిన్న జట్టునకు పూర్తిగా అప్పగించిరి. తొలుత ఒడిదుడుకులు కలిగినను, పిదప ఉత్పత్తి పెరిగెను, చెడిన గుడ్డ తగ్గెను. 1970లో ఎరిక్ మిల్లర్ తిరిగి పరిశీలింపగా, ఆ పద్ధతి ఒకచోట నిలిచియుండెను, మరికొన్నిచోట్ల సడలిపోయెను. జట్టును కట్టి విడిచిన చాలదు; కాపాడవలెను.

జనమును పెంచిన బలము పెరుగుననుటయు పొరపాటే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రింగెల్‌మన్ 1913లో ప్రకటించిన త్రాటిలాగుడు పరీక్షలలో, ఎనమండుగురు కలిసి లాగినపుడు ఒక్కొక్కరి బలము ఇంచుమించు సగమునకు దిగెను. కారణములు రెండు: లాగుట ఒకేసారి కలియకపోవుట, ఇతరులు లాగుదురులే అను అలసత్వము. తీరమున పెద్దవల లాగు మత్స్యకారులు ఈ రెండింటికిని మందెరుగుదురు. హైలెస్సా అని అడుగు కలుపుట మొదటిదానికి. పట్టిన చేపలో వాటా ఉండుట రెండవదానికి.

కర్మాగారమునకు దీనినుండి గ్రహింపవలసినది గలదు. ఒక ఆవిరి తొట్టిలోని పిక్కలను ఒకే బృందమునకు పంపి, విరుగుడు ఎంతయో సాయంకాలము అందరును కలిసి చూచుకొనవచ్చును. గుండుపప్పు పెరుగుటవలన వచ్చు లాభములో వారికి పాలుండవలెను. అయితే ఆ పాలు ఉన్న కూలికి పైన రావలెను గాని దానినుండి కోసినది కారాదు. లేనిచో చేయి నెమ్మదించిన పెద్దామెను తోటివారే బరువుగా చూతురు. అప్పుడు జట్టు అను పేరు యజమాని మందలింపును పొరుగుదాని నోట పలికించుటకు మాత్రమే పనికివచ్చును.