పాత పికప్ బండి మొరాయించినపుడు రైతు స్వయముగా చూడదగిన విషయములు



కోసిన టమాటా మదనపల్లె మార్కెట్టుకు, కల్లములో ఎండిన మిరప గుంటూరు యార్డుకు, తెల్లవారు జామున పితికిన పాలు కేంద్రమునకు చేర్చుటకు నేడు అనేక గ్రామములలో పికప్ బండియే ఆధారము. ఆ బండి త్రోవలో ఆగిపోయినచో నష్టము బండికి మాత్రమే కాదు. పాలు విరిగిపోవును, వేలము ముగిసిపోవును. మరునాటి ధర మన చేతిలో ఉండదు. అందుచేత పదిహేను, ఇరువది ఏండ్లు నడిచిన డీజిలు పికప్ బండ్లలో తరచు కనిపించు నాలుగు చిక్కులను గూర్చి నేడు మీతో ముచ్చటించెదను. ఇవి పైకి పెద్ద జబ్బులవలె కనిపించును. కాని వీటి కారణము చాల చిన్నది.

ఎద్దు కుంటినపుడు మనము మొదట గిట్ట ఎత్తి ముల్లు ఉన్నదేమో చూతుము. ఎముక విరిగినదని వెంటనే నిశ్చయించుకొనము. బండి విషయములోను ఇదే పద్ధతి మంచిది. ఇంజను విప్పించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసుకొనుడు. చిక్కు ఎప్పుడు వచ్చుచున్నది: చల్లగా ఉన్నపుడా, వేడెక్కిన తరువాతనా? ఎట్టి త్రోవలో వచ్చుచున్నది: మెల్లగా పోవునపుడా, వేగముగా పోవునపుడా? ఇది మొదలగుటకు ముందు బండికి ఏ మరమ్మతు జరిగినది? ఈ మూడింటికి సమాధానము దొరికినచో సగము పని అయినట్లే.

1. కొంత దూరము నడిచి ఆగిపోవుట

బండి ఉదయము చక్కగా స్టార్టగును. పది పదిహేను కిలోమీటర్లు పోయిన పిమ్మట బలము తగ్గి ఆగిపోవును. కొంతసేపు నిలిపిన తరువాత ఏమియు జరుగనట్లు మరల నడచును. ఇట్టి బండికి పంపు పాడైనదని చెప్పి విప్పదీయుట కద్దు.

నూనె డబ్బాకు ఒకే రంధ్రము పొడిచినచో నూనె కొంత కారి ఆగిపోవునని మీ అందరికి తెలియును. గాలి లోనికి పోవుటకు రెండవ రంధ్రము కావలెను. డీజిలు టాంకుకును అంతే. పాత బండ్లలో చాలవరకు ఆ గాలిదారి టాంకు మూతలోనే ఉండును. దుమ్ము, గ్రీజు చేరి అది పూడినచో టాంకులో గాలి తక్కువై డీజిలు పైకి రాదు. బండి నిలిచి ఉన్నపుడు కొద్దికొద్దిగా గాలి దూరును గనుక మరల నడచును.

బండి ఆగిన వెంటనే మూత వదులు చేసి వినుడు. బుస్సుమని గాలి లోనికి పోయినచో దొంగ దొరికినట్లే. మూతను శుభ్రమైన డీజిలులో కడిగి, రంధ్రము తెరిపించుడు. మూత పోయినదని పాలిథీను సంచి బిగించి కట్టిన బండికి కూడ ఇదే గతి పట్టును. మూత వదులు చేసినను చిక్కు పోనిచో, టాంకు అడుగున చేరిన తుప్పు లేక చెత్త పీల్చు గొట్టమునకు అడ్డుపడుచున్నదని అనుమానించి టాంకును కడిగించవలెను.

2. తెల్లవారి స్టార్టు కాకుండుట

రాత్రి నిలిపిన బండి ఉదయము ఎంత తిప్పినను స్టార్టు కాదు. ఒకసారి స్టార్టయినచో సాయంత్రము వరకు చిక్కు లేదు. క్రింద ఒక్క చుక్క డీజిలు కారిన జాడ యుండదు.

మీ బావి ఇంజనును తలచుకొనుడు. సక్షను పైపునకు సన్నని చీలిక పడినచో నీరు బయటకు కారదు. గాలి లోనికి పోయి పంపు నీరెత్తదు. పికప్ బండిలో టాంకు మొదలు ఫీడు పంపు వరకు ఉన్న గొట్టము సక్షను పైపు వంటిదే. అచ్చట లోపమున్నచో డీజిలు కారదు, గాలి చొరబడును. రాత్రి డీజిలు వెనుకకు జారిపోవును.

రబ్బరు గొట్టము పగిలినదేమో, క్లిప్పులు వదులైనవేమో, రాగి వాషరులు అరిగినవేమో టాంకు నుండి వరుసగా చూడుడు. ఫీడు పంపునకు ముందు జానెడు పారదర్శక గొట్టము తాత్కాలికముగా అమర్చినచో గాలిబుడగలు కంటికి కనిపించును. లోపము సరిచేసిన పిదప ఫిల్టరుపై నున్న గాలి స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టుచు, బుడగలు లేని డీజిలు వచ్చు వరకు ఆగి స్క్రూ బిగించవలెను. పాత రాగి వాషరునే మరల వాడకుడు. దాని వెల స్వల్పము.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ పద్ధతి పాత తరహా పంపు గల బండ్లకే చెల్లును. కామన్ రైల్ పద్ధతి గల బండ్లలో డీజిలు ఒత్తిడి టైరు గాలికంటె వందల రెట్లు అధికము. ఆ గొట్టములను వదులు చేసినచో సన్నని ధార చర్మమును చీల్చుకొని పోయి ప్రాణాపాయము కలిగించును. వాటిని ముట్టరాదు.

3. దీపములు వెలుగును, స్టార్టరు తిరుగదు

తాళము త్రిప్పినచో టక్కుమని చప్పుడు మాత్రము వచ్చును. దీపములు బాగుగనే వెలుగుచున్నవి గనుక బాటరీ మంచిదే, స్టార్టరు పోయినదని తలతురు. రెండును మంచివే కావచ్చును.

12 వోల్టుల బండిలో 60 వాట్ల దీపమునకు 5 ఆంపియర్ల కరెంటు చాలును. డీజిలు ఇంజనును త్రిప్పు స్టార్టరుకు 100 ఆంపియర్లకు మించి కావలెను. తుప్పుపట్టిన అతుకు గుండా 5 ఆంపియర్లు పోగలవు, 100 పోలేవు. ముఖ్యముగా ఇంజనునుండి ఛాసిస్‌కు, బాటరీకి పోవు ఎర్తు పట్టీని ఎవరును చూడరు. ఇంజను దించి ఎక్కించినపుడు దానిని బిగించుట మరచుట గూడ జరుగును. అప్పుడు కరెంటు వేరు దారి వెదకుకొనును. స్టార్టు చేయునపుడు ఆక్సిలరేటరు కేబులు వేడెక్కినచో ఎర్తు లోపమని తెలియవలెను.

గేరు న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకు వేసి, జంపరు తీగ ఒక కొనను బాటరీ మైనసునకు, రెండవ కొనను ఇంజను శుభ్రమైన లోహ భాగమునకు తగిలించి స్టార్టు చేయుడు. తిరిగినచో లోపము ఎర్తులోనే ఉన్నది. పట్టీ రెండు కొసలను విప్పి, రంగు, తుప్పు పోవునట్లు గీకి బిగించుడు. బాటరీ కొమ్ములపై చేరిన తెల్లని పొడిని వంటసోడా నీటితో కడిగి, తుడిచి, బిగించి, వాసలీను పూయుడు. ఆ నీరు బాటరీ లోనికి పోరాదు. విప్పునపుడు మైనసు మొదట, తగిలించునపుడు మైనసు చివర. బాటరీ వద్ద బీడి కాల్చరాదు.

4. వేగముగా పోయినపుడే వేడెక్కుట

మెల్లగా పోవునపుడు వేడెక్కిన బండికి ఫాను బెల్టు చూడవలెను. వేగముగా పోయినపుడే వేడెక్కుచున్నచో రేడియేటరు చూడవలెను. ప్రత్తి నుసి, వరి పొట్టు, గడ్డి గింజలు రేకుల సందులలో దూరి గాలిని ఆపును. ముందునుండి చూచిన అది శుభ్రముగనే కనిపించవచ్చును. ఇంజను చల్లారిన పిమ్మట, లోపలి వైపు నుండి బయటకు సన్నని నీటిధారతో కడుగుడు. ఒత్తిడి ఎక్కువైనచో రేకులు వంగిపోవును. అట్లే వేగము పెంచినపుడు రేడియేటరు క్రింది గొట్టము చప్పబడుచున్నదేమో ఒకరు లోన కూర్చుండగా మరొకరు దూరముగా నిలిచి చూడుడు. మెత్తబడిన గొట్టమును మార్చవలెను. వేడిగా నున్న రేడియేటరు మూత తెరువరాదు.

ఒక నియమము మరువకుడు. ఒకసారి ఒక్కటే మార్చి, బండి నడిపి చూడుడు. నాలుగు మార్చినచో ఏది జబ్బో, ఏది మందో తెలియదు. చేసిన పనిని, తేదీని ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. బ్రేకు, స్టీరింగు విషయములో మాత్రము స్వంత ప్రయోగములు చేయక, పనివాని చేతనే చేయించుడు. అచ్చట పొరపాటు జరిగినచో పోవునది సరకు కాదు, మనిషి.

ఇవి అన్నియు చూచినను చిక్కు తీరనిచో మెకానికు వద్దకు పోవలసినదే. కాని అప్పుడు మీరు ఊరక "బండి పోవుట లేదు" అని చెప్పరు. ఎప్పుడు, ఎచ్చట, ఎట్లు ఆగుచున్నదో, మీరు ఏమేమి చూచితిరో చెప్పగలరు. అతని కాలము, మీ ధనము రెండును మిగులును. రానున్న కోతలకు ముందే ఒక తీరిక ఉదయమున టాంకు మూత, గొట్టములు, ఎర్తు పట్టీ, రేడియేటరు ఈ నాలుగింటిని చూచుకొనుడు. గంట పని. సరకు సకాలమునకు మార్కెట్టు చేరును.