నెల తప్పకముందే అడగవలసిన మాట



గర్భిణుల సేవలో జీవితం గడిపిన ఒక వైద్యురాలి స్మృతిలో, సైనిక్‌పురిలో ఈ ఉపన్యాసం ఇచ్చే అవకాశం దక్కింది. అందుకే కడుపుతో ఉన్నవారు వాడే మందుల గురించి మాట్లాడతాను.

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అమ్మకానికి వచ్చింది. నిద్రకూ వేవిళ్ళకూ నిరపాయకరమైన మందని నమ్మించారు. జర్మనీలో విడుకింట్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ అనే వైద్యులు దాని కీడును పసిగట్టారు. 1961 నవంబరులో జర్మనీలో దాన్ని ఉపసంహరించారు. అప్పటికే జరగరానిది జరిగిపోయింది. ఆ మందు వల్ల ప్రపంచంలో పదివేల మందికి పైగా పిల్లలు అవయవలోపాలతో పుట్టారు. అమెరికాలో మందుల అనుమతులు చూసే అధికారి ఫ్రాన్సెస్ కెల్సీ రుజువులు చాలవంటూ అనుమతి ఇవ్వకపోవడంతో అక్కడ ఎందరో పిల్లలు బతికి బయటపడ్డారు.

అదే మందు నేడు కుష్ఠులో వచ్చే ఒక తీవ్రమైన రియాక్షన్‌కూ, మైలోమా క్యాన్సర్‌కూ చికిత్స. కాబట్టి మందు మంచిదా చెడ్డదా అని కాదు, ఎవరికి, ఎప్పుడు అని అడగాలి.

థాలిడోమైడ్ పిండానికి చేటు చేసేది గర్భం నిలిచాక సుమారు 20 నుంచి 36 రోజుల మధ్య. వెన్నుపాముగా, మెదడుగా మారే నాళం 28వ రోజుకల్లా మూసుకుంటుంది. అప్పటికి నెల తప్పి రెండు వారాలే. తాను గర్భవతినని చాలామందికి ఇంకా తెలియదు. తెలిశాక డాక్టరు దగ్గరకు పరిగెత్తినా ఆలస్యమే.

ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ సంగతి చూడండి. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కనిపించే పెద్ద లోపాలు, ఈ మందు వాడిన తల్లుల పిల్లల్లో నూటికి పదిమంది దాకా కనిపిస్తాయి. కొందరికి చదువూ మాటా వెనకబడతాయి. అలాగని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ తిరగబెట్టి తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. లామోట్రిజిన్, లెవెటిరాసెటం వంటి తక్కువ ప్రమాదమున్న మందులకు మారడానికి నెలలు పడుతుంది. ఆ వ్యవధి పెళ్ళికి ముందే దొరకాలి.

కానీ మన ఇళ్ళలో ఏం చేస్తున్నాం? సంబంధం తప్పిపోతుందని ఫిట్స్ సంగతి దాస్తున్నాం. కొత్త కోడలు మాత్రను చాటుగా మింగాలి, లేదా మానెయ్యాలి. రెండూ ప్రమాదమే. బిడ్డకు లోపం వస్తే నింద మళ్ళీ ఆమె మీదే. ఈ అన్యాయం ఆగాలి.

మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్, గుండె కవాటం మార్చినవారు వాడే వార్ఫరిన్, బి.పి.కి వాడే ఎనలాప్రిల్: వీటి గురించి ముందే డాక్టరును అడగాలి. థైరాయిడ్ మాత్ర, ఇన్సులిన్ మాత్రం భయపడి మానకూడదు. గర్భం కోరుకునేవారు కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకోవాలి. ఫిట్స్ మందు వాడేవారికి మోతాదు డాక్టరే నిర్ణయించాలి.

డాక్టర్లకు నా విన్నపం: మందు రాసేముందు పిల్లల కోసం చూస్తున్నారా అని ప్రతి యువతినీ అడగండి. మందుల షాపువారికి: చీటీ లేకుండా ఇవ్వకండి. అత్తమామలకు: కోడలి మందుల చీటీ దాచవలసిన రహస్యం కాదని మీరే ముందుగా చెప్పండి. ఆమె నోరు విప్పి చెప్పుకోగలిగిన ఇంట్లోనే ఆ బిడ్డకు రక్షణ.