చదువు యాప్‌కు మన మాట, మన కమీషను

(వార్షిక మహాసభలో జీవనోపాధుల అంశం మీద చేసిన ప్రసంగం)



నాకు ఇచ్చిన అంశం పిల్లల చదువు యాప్ అమ్మకం. ఒక కంపెనీ మన ముందు ప్రతిపాదన పెట్టింది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు పాఠాలు ఫోన్లో చూసుకునే సరుకు అది. మన సభ్యులు నలుగురికి చెప్పాలి, వాళ్లు కొంటే మనకు కమీషను. దీనికి అఫిలియేట్ మార్కెటింగ్ అని పేరు. పేరు విని భయపడే పని లేదు. వడ్ల సెంటర్లు నడిపి క్వింటాలుకు ఇంత అని సమాఖ్యకు కమీషను తెచ్చినోళ్లం మనం. బడి పిల్లల యూనిఫారాలు కుట్టినోళ్లం. జతకు 50 రూపాయలున్న కుట్టుకూలి 2024లో 75 అయితే ఎంత సంబరపడ్డమో అందరికీ గుర్తుంది.

అయితే ఒక తేడా ఉంది. వడ్లు కాంటా మీద కనపడతయి. బట్ట చేతికి తగులుతది, కుట్టు వంకర పోతే హెడ్మాస్టరు అప్పుడే తిప్పి పంపుతడు. చదువు అట్ల కనపడదు. యాప్ కొన్న ఆరు నెలలకు గానీ అది పిల్లకు పనికొచ్చిందో లేదో తెల్వదు. అప్పటికి మన కమీషను చేతికొచ్చి ఖర్చు కూడా అయిపోయి ఉంటది. ఈ రోజు నేను చెప్పేదంతా ఈ ముడి చుట్టే తిరుగుతది.

ముందు పని ఎట్ల నడుస్తదో చెప్త. మీ పేరు మీద ఒక కోడు గానీ, ఫోన్లో పంపే లింకు గానీ ఇస్తరు. మీరు పంపిన లింకు నొక్కి ఎవరన్నా కొంటే, ఈ గిరాకి ఫలానా అక్క తెచ్చిందని కంపెనీ కంప్యూటర్ల రాసుకుంటది. అమెరికాలో అమెజాన్ వట్టి పుస్తకాలు అమ్మే రోజుల్లో, 1996లో ఈ పద్ధతి పెట్టింది. మా పుస్తకం గురించి మీరు నలుగురికి చెప్పండి, అమ్ముడుపోతే మీకింత అన్నది. ఇండ్ల ఒక చిక్కుంది. మీరు రెండు గంటలు కూర్చొని ఒక తల్లికి అంతా వివరిస్తరు. ఆమె హైదరాబాదులో ఉన్న తమ్ముడికి చెప్తది. ఆయన ఇంకెవరి లింకు మీదనో కొంటడు. చాలా చోట్ల ఆఖరుకు నొక్కిన లింకుకే కమీషను పోతది. అందుకే కంపెనీతోటి ఒప్పందంలో రెండు మాటలు స్పష్టంగా ఉండాలి: మన లింకు ఎన్ని రోజులు పనిచేస్తది, ఇద్దరి లింకులు పడితే ఎవరిది లెక్క.

ఇగ పైసల సంగతి. ఉదాహరణకు సరుకు 2,000 రూపాయలు, కమీషను నూటికి పది అనుకుందాం. ఒక అమ్మకానికి 200. మన ఊళ్లల్లో ఆరు నుంచి పది చదివే పిల్లలు ఎందరుంటరు? 60 మంది ఉన్నరనుకుంటే, అండ్ల ఫోను ఉండి, పైసలుండి, కొనాలని మనసున్నోళ్లు పది ఇండ్లు వస్తే గొప్ప. అంటే 2,000 రూపాయలు, అదీ ఏడాదికి ఒకసారి, జూన్ నెలల. నెలనెలా జీతం అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. మీటింగుకు వచ్చిన కంపెనీ మనిషి తెర మీద చూపించిన అంకెలు పది ఊళ్లను కలుపుకుంటే గానీ రావు.

అంకె పెద్దగ చూపియ్యాలంటే వాళ్లకు ఒకటే దారి: అమ్మే మనుషుల కింద మళ్లీ మనుషులను పెట్టుడు. ఇది మన రాష్ట్రం కండ్లతోటి చూసిన సంగతి. 2019 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్ అనే నోయిడా కంపెనీ మీద కేసు పెట్టి దాన్ని నడిపేటోళ్లను అరెస్టు చేసిన్రు. ఆ కంపెనీ అమ్మినట్టు చూపించింది కంప్యూటర్ పాఠాలనే, అంటే చదువు సరుకే. చేరాలంటే 16,821 రూపాయలు కట్టాలి, ఆ తర్వాత ఇంకొందరిని చేర్పిస్తే కమీషను. దేశమంతట దగ్గర దగ్గర 17 లక్షల మంది చేరిన్రని, 5,000 కోట్ల దాకా పోయినయని పోలీసులు చెప్పిన్రు. ఎక్కువ మంది కాలేజీ పిల్లలు. నౌకరి దొరకని పిల్లగాడు సెల్లులో దోస్తుల పేర్లన్నీ ఒక్కొక్కటే రాసుకొని ఫోన్లు కొట్టిండు. పాఠం ఎవరూ చదవలే. పాఠం వంక, మనిషిని చేర్చుడే అసలు యాపారం.

లెక్క మీరే వేసుకోండి. ఒక అక్క ఐదుగురిని చేర్పించింది. ఆ ఐదుగురు తలా ఐదుగురిని చేర్పిస్తే 25. తర్వాత 125, 625, 3,125. ఆరో వరుసకు 15,625 మంది కావాలి. మండలంలో అంతమంది ఆడోళ్లు దొరుకుతరా? ఆఖరు వరుసల నిలబడ్డోళ్ల పైసలే ముందు వరుసోళ్ల కమీషను. 1978 నుంచీ దీన్ని నిషేధించే చట్టం ఉంది. 2021 డిసెంబర్‌లో వచ్చిన ప్రత్యక్ష అమ్మకాల నిబంధనలు కూడా పిరమిడ్ స్కీములు పనికిరావని, అమ్మే మనిషి దగ్గర చేరిక రుసుం తీసుకోవద్దని చెప్తున్నయి. అమ్మేటోళ్ల దగ్గర గుర్తింపు కార్డు ఉండాలె, చెప్పకుండా ఇంటి మీదికి పోవద్దు, ధర, వాపసు పద్ధతి ముందే చెప్పాలె అని కూడా అండ్ల ఉంది. మనం చేసే పని ఆ నిబంధనల కిందికి వచ్చినా రాకపోయినా మనం వాటినే పాటిద్దాం. మన కార్యక్రమంలో అక్క కింద అక్క ఉండదు. అమ్మిన అక్కకు కమీషను, అంతే. చేరడానికి రూపాయి కట్టేది లేదు, కిట్టు కొనేది లేదు. చేరిక కోసం సంఘంలో గానీ స్త్రీనిధిలో గానీ అప్పు తీసుకునే మాటే రావొద్దు.

ఇప్పుడు కొనే ఇంటి దిక్కు నుంచి చూద్దాం. 2022–23 నుంచి సర్కారు బడులల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిషు మీడియం వచ్చింది. పుస్తకంల ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు. పిల్ల అడిగితే చెప్పలేని తల్లి గుండెల్లో ఒక దిగులుంటది. అమ్మేటోళ్లు పట్టుకునేది ఆ దిగులునే. 2021 డిసెంబర్ 23న కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులను హెచ్చరిస్తూ ఒక సూచన ఇచ్చింది: ఉచితం అన్నరని తొందరపడొద్దు, ఖాతా నుంచి పైసలు దానంతట అదే కట్ అయ్యేటట్టు సంతకం పెట్టొద్దు అని. 2022 డిసెంబర్‌లో జాతీయ బాలల హక్కుల కమిషన్, తల్లిదండ్రులకు కోర్సులు అంటగడుతున్నరన్న ఆరోపణల మీద బైజూస్ అధిపతిని పిలిపించింది. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా కోర్టు మెట్లెక్కింది. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పట్టినప్పుడు, మూడేండ్ల కోర్సుకు ముందే పైసలు కట్టిన తల్లి పరిస్థితి ఏంది? అందుకే మనం ఏడాది కోర్సు తప్ప అమ్మొద్దు. కిస్తుల మీద, అప్పు మీద అస్సలే అమ్మొద్దు.

ఇంకో మాట చెప్తే కంపెనీకి నచ్చదు, మనలో కొందరికీ నచ్చదేమో. కొనమని చెప్పే ముందు పైసలు లేకుండ దొరికేవి చూపియ్యాలె. టీ-శాట్ ఛానెళ్లల్ల పాఠాలు వస్తయి. దీక్ష యాప్ ఉంది, పాఠ్యపుస్తకంల ఉన్న గళ్ల గుర్తును ఫోనుతోటి చూపిస్తే పాఠం తెరుచుకుంటది. ఇవన్నీ చూపిస్తే మన దగ్గర ఎవరు కొంటరని ఒక అక్క కమిటీ మీటింగుల అడిగింది. సరైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఉచితంగ దొరికేది చూసి కూడా, మా పిల్లకు రోజూ ప్రశ్నలు వేసి, తప్పు ఎక్కడుందో చెప్పేది కావాలె అని కొనే తల్లి రేపు మన మీదికి కొట్లాటకు రాదు. తెలియక కొన్నామె వచ్చే నెల పొదుపు మీటింగుల మన ఎదురుంగనే కూర్చుంటది. కంపెనీ మనిషి బదిలీ అయ్యి ఇంకో జిల్లాకు పోతడు, మనం ఎక్కడికి పోతం?

ఫోను సంగతి కూడా చూడాలె. చాలా ఇండ్లల్ల ఒకటే మంచి ఫోను, అది ఇంటాయనతోటి పొద్దున పనికి పోయి చీకటి పడ్డాక వస్తది. పాలమూరు దిక్కు తల్లిదండ్రులు వలస పోతే ఫోనూ వాళ్లతోనే పోతది, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటది. అట్లాంటి ఇంట్ల యాప్ అమ్ముడంటే తాళంచెవి లేని పెట్టె అమ్మినట్టే. కాబట్టి అమ్మే ముందు మూడు అడుగుర్రి: సాయంత్రం ఫోను ఎవరి చేతిల ఉంటది, సిగ్నల్ లేకున్నా పాఠం నడుస్తదా, తెలుగుల వివరణ ఉందా. ఒకదానికి సరైన జవాబు రాకపోయినా అక్కడ అమ్మొద్దు.

బడి గురించి జాగ్రత్తగ చెప్త. మనలో చాలామంది గ్రామ సమాఖ్య అధ్యక్షురాళ్లు 2024లో ఏర్పడ్డ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు కూడా అధ్యక్షురాళ్లు. బడి తలుపులు, నల్లాలు, మరుగుదొడ్ల పనులు చూసేటోళ్లు. ఆ కుర్చీల కూర్చొని యాప్ అమ్మితే, హెడ్మాస్టరు ఇచ్చిన పిల్లల ఫోను నంబర్లకు లింకులు పంపితే, అది కమీషను పని కాదు, పదవిని అమ్ముకున్నట్టు. కమిటీ అధ్యక్షురాలు ఎవరైతే ఉన్నరో ఆమె ఆ బడి పరిధిల ఈ పని చెయ్యొద్దు. బడి గేటు లోపల గానీ, పిల్లల పేరెంట్స్ మీటింగుల గానీ లింకు మాట ఎత్తొద్దు. ఇది నేను గట్టిగ పట్టుబట్టే షరతు.

అట్లనే కొనేటోళ్లకు, ఇది మీరు కొంటే నాకు ఇంత వస్తది అని ముందే చెప్పాలె. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ సోషల్ మీడియాల సరుకులను మెచ్చుకునేటోళ్లకు పెట్టిన నియమం కూడా ఇదే. సిగ్గుపడే పని లేదు. బ్యాంకు మిత్రకు కమీషను వస్తదని ఊరంతకూ తెల్వదా?

ఇప్పుడు మొదట చెప్పిన ముడి. కమీషను ఎప్పుడు చేతికి రావాలె? కంపెనీ, అమ్మిన నెలకే మొత్తం ఇస్తమంటున్నది. వద్దని నా ప్రతిపాదన. సగం, వాపసు గడువు అయిపోయినంక. మిగిలిన సగం, 60 రోజుల తర్వాత పిల్ల ఆ యాప్ నిజంగ వాడుతున్నట్టు కంపెనీ లెక్కల్ల కనపడితే. అప్పుడు అమ్మిన అక్క రెండు నెలలు ఆ ఇంటికి పోయి, బిడ్డా ఏ పాఠం నడుస్తున్నది అని అడుగుతది. వాడకపోతే ఎందుకు వాడతలేదో మనకు తెలుస్తది. అడ్వాన్సు లేక కొందరికి ఇబ్బంది కావొచ్చు, కానీ ఈ పని మీద బతికే అక్క మనలో ఎవరూ లేరు, ఉండొద్దు కూడా. కమీషనుల నూటికి పదిహేను వంతులు గ్రామ సమాఖ్యల విడిగ పెట్టి, ఫిర్యాదు వస్తే ఖర్చులకు వాడుదాం. పైసలు ఎవరి కమీషను వాళ్ల సొంత బ్యాంకు ఖాతాకే రావాలె, ఇంకొకరి ఫోన్‌పేకు కాదు. ఏడాదిల ఒకరి కమీషను 20,000 దాటితే 2025 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్క ప్రకారం నూటికి రెండు పన్ను కోసుకుంటరు, పాన్ కార్డు ఇయ్యకపోతే నూటికి ఇరవై. అంత దాకా ఎవరూ పోకపోవచ్చు గానీ పాన్ కార్డు అయితే తీసుకోండి, వేరే పనులకూ అక్కరకొస్తది.

తీర్మానం గెలిస్తే ముందు మండలానికి ఒక్క గ్రామ సమాఖ్య చొప్పున మూడు నెలలు చేద్దాం. ఆ ఊళ్లల్ల మన సభ్యుల పిల్లలు కొందరు ఒక నెల ఉచితంగ వాడి చూసినంకనే లింకులు మొదలు. కంపెనీ ఈ షరతులన్నీ తెలుగుల రాసి సంతకం పెట్టేదాకా ఏ అక్కా వాట్సాప్ గ్రూపుల లింకు పెట్టొద్దు. ఇప్పటికే మన పేరు చెప్పి ఎవరన్నా పైసలు అడిగితే మండల సమాఖ్యకు చెప్పండి. పైసలు పోయినయంటే వెంటనే 1930కి, సరుకు ఫిర్యాదు అయితే 1915కి ఫోను చెయ్యండి. కాగితం మీద షరతులు అందరికీ పంచిన్రు. చదవరానోళ్లకు పక్కనున్న అక్క చదివి వినిపియ్యండి. వచ్చే గ్రామ సమాఖ్య మీటింగుల చర్చ పెట్టి అవునో కాదో రాసి పంపుర్రి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడుగుర్రి.