మోటారు బాటపై ఒక దినము

సంక్రాంతి నాళ్లలో ఎడ్లచేత బండ లాగించు పందెములను చూచుచు పెరిగినవారము మనలో అనేకులము. తన జత ముందు నిలువవలెనను కోరిక రైతునకు ఎట్లు సహజమో, తన కారు ముందు పోవలెనను కోరిక కారు గలవానికి అట్లే సహజము. కాని ఆ కోరికను తీర్చుకొనుటకు రహదారి తగిన స్థలము కాదు. అక్కడ సైకిలెక్కిన బడిపిల్లవాడు కలడు; తలపై గంపతో దారి దాటు ముసలమ్మ కలదు. మన వేడుకకు వారి యనుమతి లేదు. అందుచేత వేగమునకై ప్రత్యేకముగా కట్టిన బాటలో, ఒక నిర్ణీత దినమున, సామాన్యులు తమ సొంత కార్లను నడుపుకొను ఏర్పాటొకటి కలదు. దానిని ట్రాక్ డే అందురు. దాని యందు బహుమతి లేదు, బిరుదు లేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరతీరమున విద్యుత్ కార్ల ప్రపంచ పందెమొకటి జరిగిన సంగతి శ్రోతలకు తెలియును. అది నిపుణుల పందెము; మనము చూచి ఆనందింపవలసినది. నేను చెప్పబోవునది మనబోటివారు స్వయముగా పాల్గొనదగిన వేడుక.

దక్షిణదేశమున ఈ వేడుకకు పుట్టినిల్లు మదరాసు. అక్కడ మోటారు క్రీడల సంఘము 1953లో ఏర్పడినది. నెల్లూరు నుండి మదరాసు పోవు దారిలో, ఎర్రకొండల చెరువునకు ఇవతల, షోలవరమను ఊరు కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములకై అక్కడ వేసిన బాటపై దశాబ్దముల తరబడి కారు పందెములు జరిగినవి. అయితే విమానమునకు కావలసినది నేరుదారి. పందెమునకు వంపులే ప్రాణము. తుదకు శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో పందెములకై ప్రత్యేకముగా ఒక బాటను నిర్మించిరి. 1990 నుండి అక్కడ పోటీలు జరుగుచున్నవి. ఆ బాట పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, వంపులు 12.

కొంతకాలము క్రిందట నేనును, నా మిత్రుడొకడును మా పాత కార్లతో ఆ బాటకు పోతిమి. మిత్రునకు నెల్లూరులో బియ్యపు మిల్లు కలదు. నాకంటె నాలుగేండ్లు చిన్నవాడు. నన్ను అన్నా అని పిలుచును. ఎవరు తక్కువ కాలములో ఒక చుట్టు తిరిగివచ్చెదరో వారికి రెండవవాడు చేపల పులుసుతో భోజనము పెట్టవలెనని మా పందెము. తెల్లవారుజామున బయలుదేరి, షోలవరము దాటునప్పుడు ఇద్దరమును ఒకేసారి హారను మ్రోగించితిమి. అది మా నమస్కారము.

బాటపై అడుగిడుటకు ముందు తనిఖీ కలదు. కారులో కదలాడు వస్తువు లేవియు ఉండరాదు. నీళ్ల సీసా దొర్లి పెడలు క్రింద చిక్కుకొన్నచో ఏమగునో ఊహింపుడు. అటుపిమ్మట జెండాల పాఠము: పసుపు జెండా చూపినచో ముందు ప్రమాదము కలదు, ఎవ్వరిని దాటరాదు, ఎర్ర జెండా చూపినచో అందరును నెమ్మదిగా వెనుకకు రావలెను. తనిఖీ చేయు పెద్దమనిషి నన్నొక ప్రశ్న అడిగెను: బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చితివని. పోయిన నెలలోనని చెప్పితిని. అది అబద్ధము. మార్చి మూడేండ్లయినది. ఇంత చిన్న విషయమునకు ఇంతదూరము వచ్చి వెనుకకు పోవుటయా అనుకొంటిని. ఈ ప్రసంగమంతయు ఆ ఒక్క అబద్ధమును గూర్చియే.

ఉదయము హాయిగా గడచినది. క్రొత్త కారు తెచ్చిన యువకుడొకడు మూడుసార్లు గిరగిర తిరిగి గడ్డిలోనికి పోయి, కిటికీలదాక బురదతో వచ్చెను. ఒక కుక్క బాటపైకి వచ్చి, తన కొరకు ఎర్ర జెండా ఎత్తించుకొని, తీరికగా నడచిపోయెను. నా మిత్రుడు నన్ను దాటిన సంతోషములో అద్దమునందు నన్నే చూచుచు, ముందున్న వంపును మరచి ఇసుకలోనికి దిగెను. ట్రాక్టరు కట్టి లాగవలసివచ్చినది. రెండవ విడత ముగియునప్పటికి నేను అతనికంటె మూడు సెకండ్లు ముందుంటిని. “నీకు దక్కేది పులుసు వాసనే,” అంటిని. “సాయంత్రం దాకా ఆగన్నా,” అనెను.

ఇక్కడ బ్రేకు సంగతి కొంచెము చెప్పవలెను. కారు వేగము రెట్టింపైనచో దానిని ఆపుటకు అణచవలసిన శక్తి నాలుగింతలగును. ఆ శక్తి దాదాపు యావత్తును వేడిగా మారి బ్రేకులకెక్కును. అక్కడినుండి బ్రేకు ఆయిలునకు చేరును. ఈ ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలదు. డాట్ 4 అను రకపు క్రొత్త ఆయిలు 230 డిగ్రీల సెంటీగ్రేడునకు లోపల మరుగరాదని ప్రమాణము. దానిలో 3.7 శాతము నీరు చేరినచో ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కుటకు లొంగదు, ఆవిరి లొంగును. మన కాలి బలమంతయు బుడగలను నలుపుటకే సరిపోయి, చక్రమును చేరదు. ఊరిలో మెల్లగా తిరుగునన్నాళ్లు ఈ లోపము బయటపడదు. అందుచేతనే మూడేండ్లు నాకది కనబడలేదు.

మూడవ విడతలో, పొడవైన నేరుదారి చివర, బ్రేకు త్రొక్కితిని. పెడలు పరుపువలె మెత్తగా అడుగంటిపోయెను. మరల మరల త్రొక్కితిని, గేరు తగ్గించితిని. కారు వంపు తిరుగక నేరుగా గడ్డిమీదికి పోయి, గులకరాళ్లలో దిగబడి, టైర్ల గోడకు నాలుగు గజముల ఇవతల నిలిచెను. నాకు దెబ్బ తగలలేదు. చేతులు మాత్రము చక్రమును వదలలేదు.

నా మిత్రుడు అప్పుడు నా వెనుకనే యుండెను. నా వెనుక దీపములు వెలిగినను కారు నెమ్మదింపకపోవుట చూచి, తాను ముందే వేగము తగ్గించి ప్రక్కకు తప్పుకొనెను. అది అతని మెలకువ. కాని ఐదు నిమిషములకు ముందు నేనే అతని వెనుక నుంటిని. ఆ వంపే వచ్చి యుండినచో నా కారు అతని తలుపునకు తగిలియుండును. ఈ తలంపు కలిగిన తరువాత నా కాళ్లు వణకినవి.

అతడు వచ్చి ఒక్క మాటే అడిగెను. “అన్నా, ఆయిలు మార్చినావా? నిజం చెప్పు.” నేను తల వంచుకొంటిని. అతడు మారు పలుకక తన సామానులోనుండి మూత తీయని ఆయిలు డబ్బాను, పానాను తెచ్చెను. బ్రేకులు చల్లారువరకు వేచితిమి. నేను పెడలు త్రొక్కుచుండగా అతడు నేలపై పరుండి, ఒక్కొక్క చక్రము వద్ద నల్లబడిన ఆయిలును బుడగలతోకూడ బయటకు వదలి, క్రొత్తది నింపించెను. అవతల చివరి విడత మొదలై ముగిసెను. మూడు సెకండ్లు తీర్చుకొనుటకు అతనికి మిగిలిన అవకాశమదియే. అతడు బాటవైపు చూడనైన చూడలేదు.

పని ముగిసిన తరువాత తనిఖీ పెద్దమనిషి వద్దకు పోయి నిజము చెప్పితిని. ఆయన కోపింపలేదు. ఆ దినమునకు మరల బాటపైకి రావలదని మాత్రము చెప్పెను. ఆ శిక్ష న్యాయమైనది. రాత్రి నెల్లూరులో చేపల పులుసు భోజనమునకు డబ్బు నేనిచ్చితిని. గెలిచినది నీవే గదా అని మిత్రుడు వాదించెను. నేనొప్పుకొనలేదు.

వేగము నేర్చుకొందమని పోయి, ఆగుట ఎంత పెద్ద విద్యయో తెలిసికొని వచ్చితిమి. పోటీ యనగా ఎదుటివానికంటె ముందుండుట అనుకొందుము. కాని పది గజముల యెడముతో నూరు కిలోమీటర్ల వేగమున పోవు ఇద్దరు, ఒకరి ప్రాణమును మరియొకరి నిజాయితీకి అప్పగించినవారు. రహదారిపై అపరిచితుల మధ్య మనము ప్రతిదినము చేయుచున్నదియు ఇదియే. శ్రోతలలో కారుగాని మోటారు సైకిలుగాని గలవారికి నా మనవి యొక్కటి. బండితో ఇచ్చిన చిన్న పుస్తకములో బ్రేకు ఆయిలు ఎన్నాళ్లకు మార్చవలెనో వ్రాసియుండును, సామాన్యముగా రెండేండ్లకొకసారి. రేపు ఉదయము ఆ పుట తెరచి చూడుడు. ఎవరైన అడిగినప్పుడు నిజము చెప్పుట అప్పుడు సులభమగును.