కొత్తగా నేర్చేవాడికి రేసు బండి ఎందుకు?

(షోలాపూర్‌లో మొదటి షిఫ్టు వదిలాక జరిగిన గేటు మీటింగులో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



దీపావళి బోనస్ చేతికొచ్చింది. దాని కోసం మనం ఎన్ని రోజులు గేటు దగ్గర నిలబడ్డామో మీకు తెలుసు, ఆ కథ మళ్లీ చెప్పం. బోనస్ వచ్చిన మర్నాటి నుంచి సొసైటీ లోను ఫారాలు పట్టుకుని జామీను సంతకానికి ఆఫీసుకు వస్తున్నారు. అందులో మూడు ఫారాలు రేసు బండ్ల కోసం. ఒకదాని మీద సంతకం పెట్టాం. రెండు ఆపాం. "ముసలోళ్లకు కుళ్లు" అని కాంటీనులో అనుకుంటున్నారట. ఎందుకు ఆపామో అందరి ముందూ చెప్పాలనే ఈ మీటింగు.

బండి మీద మోజు మాకు తెలియనిది కాదు. 1985లో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చినప్పుడు, అది చాయ్ హోటల్ ముందు ఆగితే చాయ్ చల్లారేదాకా చూస్తూ నిలబడినవాళ్లమే. దాని శక్తి 11 గుర్రాలు. అంతదానికే మాలో కొందరి మోకాళ్లు చెక్కుకుపోయాయి. మీ నాన్నలు నడిపే స్ప్లెండర్‌ది 8 గుర్రాలు, బరువు 112 కిలోలు. ఆర్15 అంటే 155 సీసీ, 18 గుర్రాలు, 140 కిలోల పైన. కేటీఎం ఆర్‌సీ 390కి 43 గుర్రాలు, బరువు 170 కిలోల పైమాటే. అంటే నాన్న బండికి అయిదు రెట్లు. ఆపిన రెండు ఫారాల్లో ఒకటి దీని కోసమే. ఫారం తెచ్చినవాడికి లైసెన్సు లేదు. క్లచ్ వదలడం కూడా ఇంకా రాదు.

డాఫింగ్‌కు వచ్చిన కుర్రాణ్ణి మొదటి రోజే ఏ జాబర్ అయినా రింగ్ ఫ్రేమ్ మీద ఒంటరిగా వదిలేస్తాడా? ముందు బాబిన్లు మారుస్తాడు, తర్వాత తెగిన దారం అతుకుతాడు. ఎన్నాళ్లో బద్లీగా తిరిగాక గాని సైడు చేతికి రాదు. మన చేతులు పదిలంగా ఉన్నది ఆ వరస వల్లే. రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ వరస ఎందుకు మరిచిపోతాం?

వేగం సంగతి సరే, అంతకంటే ముందు ఆ బండి తయారీ చూడండి. హ్యాండిల్ కిందికి ఉంటుంది, కాళ్లు వెనక్కి ఉంటాయి. ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. మణికట్టు మీద బరువు మోపినవాడు గుంతలో పడ్డప్పుడు తెలియకుండానే ఎక్సిలేటర్ తిప్పేస్తాడు. స్ప్లెండర్ అయితే ఆ మాత్రానికి కాస్త ముందుకు కదులుతుంది. పెద్ద రేసు బండి దూకుతుంది. హ్యాండిల్ ఎక్కువ తిరగదు కాబట్టి సాఖర్ పేఠ గల్లీలో మలుపు తిప్పాలంటే రెండుసార్లు వెనక్కి తోయాలి. సీటు ఎత్తు, పొట్టివాడికి మునివేళ్లే ఆనతాయి. పడితే స్ప్లెండర్‌కు లీవరు వంగుతుంది, మిస్త్రీ సుత్తితో సరిచేస్తాడు. రేసు బండికి పక్కనున్న ప్లాస్టిక్ తొడుగు పగులుతుంది, దాని బిల్లు పగార్‌లో ఎంత తింటుందో షోరూములో అడిగి చూడండి. ఇక వెనక సీటు సంగతి. చీర కట్టుకున్న మీ అమ్మనో, రేపు వచ్చే కోడలినో దాని మీద ఎలా కూర్చోబెడతారు?

"ఏబీఎస్ ఉంది కదా అన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. ఉంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. మంచి పనే. గట్టిగా బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. కానీ మలుపులో వాలిన బండి కింద ఇసుక ఉంటే నిలబెట్టడం దాని చేతిలో లేదు.

ఇసుక అంటే మన డిపార్టుమెంటు పీసర్ గుర్తొస్తున్నాడు. పేరెందుకు, మీకందరికీ తెలుసు. పోయిన వానాకాలం బండి కొన్న ఇరవై రెండో రోజు, అక్కల్‌కోట్ రోడ్డు మీద మూడో షిఫ్టుకు వస్తూ మలుపులో ముందు బ్రేకు పట్టాడు. కుడి మణికట్టు విరిగింది. పనికి వస్తూ పడ్డాడు కాబట్టి, దారిలో జరిగిన ప్రమాదాన్ని పనిలో ప్రమాదంగా లెక్కించాలని 2010లో ఈఎస్ఐ చట్టంలో చేర్చిన సెక్షను చూపించి పోరాడాం. నెలల తరబడి తిరిగితే ఆ డబ్బు వచ్చింది. లైసెన్సు లేదు కాబట్టి బండి ఇన్సూరెన్సు రాలేదు. ఎముక అతికింది గాని వేళ్లు మునుపటిలా తిరగడం లేదు. దారం ముడి పడడం లేదు. ఇప్పుడు ప్యాకింగులో, తక్కువ పగార్ మీద ఉన్నాడు. హప్తా మాత్రం తగ్గలేదు. ఆ రోజు అతని ఫారం మీద జామీను సంతకం పెట్టింది మేమే. లైసెన్సు ఉందా అని ఒక్క మాట అడగలేదు.

సంతకం పెట్టిన ఫారం గురించీ చెప్పాలి కదా. ఆ తమ్ముడు నాలుగేళ్లుగా నాన్న బండి మీద అన్ని షిఫ్టులకూ వస్తున్నాడు, లైసెన్సు ఉంది, కొనేది ఆర్15. అతనికి అడ్డు చెప్పడానికి మాకు కారణం కనిపించలేదు. రేసు బండి తప్పు అని మేమనడం లేదు. నేరుగా ఆర్15 మీదే నేర్చుకుని క్షేమంగా తిరిగేవాళ్లూ ఉన్నారు, ఒప్పుకుంటాం. ఖాళీ మైదానంలో నెలరోజులు ఓపికగా తిప్పినవాడికి అది సాధ్యమే. కానీ రాత్రంతా ఫ్రేమ్ చుట్టూ తిరిగి కళ్లు మూసుకుపోతుంటే, పొద్దున ట్రక్కుల మధ్య ఇంటికి పోయే మనిషి మొదటి బండిగా 43 గుర్రాలది ఎక్కితే మేము జామీను ఉండలేం.

కాబట్టి కమిటీ నిర్ణయం ఇది. ఆపిన ఆ ఇద్దరూ పాత నూరు సీసీ బండి కొనేటట్టయితే ఆ చిన్న లోనుకు ఇవాళే సంతకం పెడతాం. లర్నింగ్ లైసెన్సు తీయండి, ముప్పై రోజులయ్యాక టెస్టుకు పోవచ్చు. పక్కా లైసెన్సు వచ్చాక ఒక ఏడాది, వానాకాలం కూడా కలిపి, నడపండి. అప్పటికీ మనసు రేసు బండి మీదే ఉంటే పాత ఫారం మా బీరువాలోనే ఉంటుంది.

వచ్చే ఆదివారం నుంచి పొద్దున 7 గంటలకు మిల్లు వెనక మైదానంలో మెయింటెనెన్సు ఫిట్టర్లు ఇద్దరు నేర్పుతామన్నారు. బండి యూనియన్‌ది, పెట్రోలు ఎవరిది వారిదే. లర్నింగ్ లైసెన్సు వెంట తెచ్చుకోండి. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్ ఉండాలి, చెప్పులతో వస్తే ఎక్కనివ్వరు. పేర్లు శనివారం లోపల ఆఫీసులో రాయించండి.