సబ్బు చల్లే పరికరం ఎంపిక

ప్రెషర్ వాషింగ్‌లో సబ్బు మురికిని వదులు చేస్తుంది, నీటి ధార దాన్ని కడిగేస్తుంది. సబ్బు చల్లడానికి ముఖ్యంగా మూడు పరికరాలున్నాయి.

మొదటిది ఇంజెక్టర్. దీన్ని పంపు తర్వాత బిగిస్తారు. వెడల్పు రంధ్రమున్న నాజిల్‌తో ఒత్తిడి తగ్గినప్పుడే ఇది సబ్బును పీల్చుకుంటుంది. సబ్బు పంపులోకి పోదు కనుక సీళ్లు పాడవవు. ఇళ్ల గోడలకు ఇది అనువైనది.

రెండోది ఫోమ్ క్యానన్. గన్‌కు తగిలించే ఈ సీసా గాలి కలిపి చిక్కటి నురగ ఇస్తుంది. నురగ త్వరగా జారిపోదు కాబట్టి వాహనాలకు మేలు.

మూడోది 12 వోల్టుల విడి పంపు. ఇంజెక్టర్ ద్రావణాన్ని బాగా పల్చన చేస్తుంది. అందుకే పాచి పట్టిన పైకప్పులకు కావలసిన గాఢమైన బ్లీచ్ ద్రావణాన్ని ఈ పంపుతో తక్కువ ఒత్తిడిలో చల్లవచ్చు.

ఏది వాడినా, పని ముగిశాక పరికరంలో మంచినీరు పారించి కడగాలి. లోపల మిగిలిన రసాయనం దాని ఆయుష్షు తగ్గిస్తుంది.