సోయా విత్తనం: ఏ రకం, ఏ తారీఖు
(మండల సమాఖ్య వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను పదో తరగతి వరకే చదువుకున్న. సోయా పెట్టి ఒకసారి నష్టపోయిన, ఆ సంగతే చెప్తా.

మాది ఆదిలాబాద్ జిల్లా, నల్లరేగడి భూమి. రెండేండ్ల కింద సంఘంల అప్పు తీసుకొని మూడెకరాలకు జేఎస్ 335 విత్తనం కొన్న. మృగశిర కార్తెల ఒక్క వాన పడ్డది. ఊరంతా గొర్రు కట్టిండ్రు, మేమూ కట్టినం. పైన తడి, కింద పొడి. తర్వాత పన్నెండు రోజులు చుక్క లేదు. గింజ ఉబ్బి భూమిలోనే మురిగిపోయింది. మళ్లా పైసలు జమ చేసుకొని విత్తేసరికి జులై 26 అయింది.

మా తోడికోడలుదీ అదే రకం, పక్క చేనే. ఆమె ఆగింది. రెండు మూడు వానలు పడి జానెడు లోతు తడిసినంక జూన్ 24న విత్తింది. ఆమెకు ఎకరానికి 8 క్వింటాళ్లు, నాకు మూడున్నర. ఎరువు ఒకటే, మందు ఒకటే. కిస్తీ కూడా ఇద్దరికీ ఒకటే!

ఎందుకట్లయిందో వ్యవసాయ విస్తరణ అధికారి చెప్పిండు. సోయా పొద్దును పట్టి పూతకొస్తది. పగలు తగ్గి రాత్రి పెరిగేకొద్దీ తొందరగా పూస్తది. ఆలస్యంగా విత్తితే మొక్క ఎదగకముందే పూత వస్తది. మొక్క పొట్టి, కణుపులు తక్కువ, కాయ తక్కువ. పైగా గింజ నిండే టైముకు వానలు పోతయి. అందుకే 60, 75 మిల్లీమీటర్ల వాన పడ్డంక, జూన్ రెండో పక్షం నుంచి జులై మొదటి వారం లోపల విత్తుకోవాలె. జులై సగం దాటితే నేనైతే సోయా పెట్ట, కంది పెడుత.

ఇగ రకం. జేఎస్ 335 వంద రోజులలోపు వస్తది, కానీ పల్లాకు తెగులుకు తట్టుకోదు. జేఎస్ 93-05 ఇంకా కొన్ని రోజులు ముందే కోతకొస్తది, తేలిక భూములకు అదే నయం. బాసర రకం మన ఆదిలాబాద్ పరిశోధన స్థానంలోనే తయారైంది. రోజులు ఎక్కువ పడుతది, లోతు రేగడిలో ముందుగా విత్తుకునేవాళ్లకు మంచిది. కానీ సోయా కోసి శనగ వేసుకునేవాళ్లు కోత ఎప్పుడొస్తదో లెక్క చూసుకోవాలె, అక్టోబరు పదును పోతే శనగ మొలవది. ఉన్న భూమంతా ఒకే రకం పెట్టకుండ్రి. పోయినేడు నేను రెండు రకాలు పెట్టిన, కోత కూలీలకు కూడా తిప్పలు తప్పింది.

సోయా గింజ పొట్టు చానా పల్చన. సంచి ఎత్తేసినా, పదంతస్తులు పేర్చినా మొలక పోతది. నిరుటి గింజ అస్సలు నమ్మొద్దు. వంద గింజలు లెక్కబెట్టి తడి గోనెసంచిలో వరుసగా పేర్చి, చుట్టి, నీడకు పెట్టుండ్రి. ఆరనీయకుండ్రి. ఐదో రోజు విప్పి చూస్తే 70 మొలిస్తే ఎకరానికి 30 కిలోలు చాలు. అరవై అయితే ఇంకొన్ని కిలోలు కలుపుకోవాలె. అంతకు తగ్గితే దుకాణానికి వాపస్ ఇయ్యుండ్రి, రశీదు దాచుకోండ్రి.

సమాఖ్యకు నా మనవి ఒకటే. విత్తనాల అప్పు జూన్ల కాదు, మే నెలలనే రావాలె. అప్పు ఆలస్యమైతే విత్తు ఆలస్యమైతది. మే నెల మీటింగ్‌కు ఎవరి సంచిలోంచి వాళ్లు వంద గింజలు తెండ్రి. కొన్నవైతే మందు పట్టించి ఉంటయి, కొంగున కట్టకుండా కవర్లో తెండ్రి. గోనెసంచులు నేను తెస్త.